పత్రికలో నాన్న పేరు ముందు ‘కీ.శే.’ ఉంచాలా, తియ్యాలా?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన తొమ్మిది పేజీల ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. 2004 జూన్‌లో, మామిడికాయల సీజన్‌లో, చిత్తూరు దగ్గర ఒక మండీ ఎదుట పట్టపగలు ఆమె తండ్రి ఆమె మేనమామను వేటకొడవలితో నరికి చంపాడు. అంటే సొంత బావమరిదిని. రెండున్నర ఎకరాల తోతాపురి తోటలో భార్యకు రావాల్సిన వాటా దగ్గర మొదలైన గొడవ. తెలుగులో 24 గంటల వార్తా ఛానెళ్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నటుల్ని పెట్టి ఆ హత్యను మళ్లీ మళ్లీ చూపించారు. అప్పటినుంచి అది ‘మండీ కేసు’. పన్నెండేళ్ల ఈమె బడిలో ‘మండీ కేసోళ్ల పాప’.

తల్లి కోర్టులో సాక్ష్యం చెప్పింది. ఆ రోజు పొద్దున భర్త అటక మీది కొడవలి దించి గోనెసంచిలో చుట్టుకొని పోవడం చూశానంది. మొగుణ్ని జైలుకు పంపిందని అత్తింటివాళ్లు తలుపు మూశారు. హంతకుడి పెళ్లామని పుట్టింటివాళ్లూ మూశారు. ఇద్దరు పిల్లల్ని తీసుకొని తిరుపతి వచ్చి, ఒక సత్రం వంటశాలలో కూరగాయలు తరిగి వాళ్లను చదివించింది. ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటోంది. తండ్రికి 2007లో జీవితఖైదు పడింది. కడప సెంట్రల్ జైల్లో ఉండి 2021లో సత్ప్రవర్తన మీద విడుదలయ్యాడు. పాత ఊళ్లో రెండు ఆవులతో ఒంటరిగా ఉంటున్నాడు.

వచ్చే నెల ఈమె పదమూడేళ్ల కూతురికి ఓణీల ఫంక్షన్. తాత ఎప్పుడో చనిపోయాడని పాపకు చెప్పి పెంచారు. పోయిన నెల స్కూల్ వ్యాన్‌లో స్నేహితురాలు ఫోన్‌లో ‘మండీ కేసు’ వీడియో చూపించింది. అందులో శవం పక్కన స్కూల్ యూనిఫాంలో నిలబడిన తన తల్లి చిన్నప్పటి ముఖం చూసి పాప ఇంటికొచ్చి అడిగింది, "తాత చచ్చిపోలేదా?" అని. ఆ రోజు నుంచి లైటు వేసుకొని పడుకుంటోంది. ఇంతలో తండ్రి ఒక చుట్టం చేత కబురు పంపాడు, ఒక మూల కూర్చుని బువ్వ తిని పోతా, మనవరాలిని చూడనీండి అని. తమ్ముడేమో "ఆయప్ప గడప తొక్కితే నేను మేనమామ చీర ఎత్తుకొని రాను" అంటున్నాడు. భర్త "నీ ఇష్టం" అన్నాడు. ప్రెస్సు నుంచి ఆహ్వానపత్రిక ప్రూఫ్ వచ్చింది. పాపకు చెప్పిన అబద్ధానికి సరిపోవాలని తండ్రి పేరు ముందు ‘కీ.శే.’ అని ఈమే రాసిచ్చింది. ఇప్పుడు ఏం చెయ్యాలి? పాపకు ఏం చెప్పాలి? ఆ వీడియో తీయించొచ్చా? నాన్నను పిలవాలా? ఇవీ ఆమె అడిగినవి.

జవాబు:

మీ ఉత్తరంలో అందరూ మాట్లాడారమ్మా. మీ నాన్న, తమ్ముడు, మీ ఆయన, పాప. ఆఖరికి యూట్యూబ్ వీడియోలో వెనకనుంచి వినిపించే గొంతు ఏమందో కూడా రాశారు. తొమ్మిది పేజీల్లో మీ అమ్మ అన్న మాట ఒక్కటీ లేదు. కావాలని వదిలేశారని నేననుకోను. ఆమెను అడగడం ఇంట్లో ఎప్పుడో మానేసి ఉంటారు. దానికి మళ్లీ వస్తాను. ముందు పాప సంగతి. లైటు వేసుకొని పడుకునే పిల్ల ఫంక్షన్ దాకా ఆగలేదు.

చెప్పాలా వద్దా అన్న ప్రశ్న దాటిపోయింది. పాపకు తెలిసిపోయింది, అదీ డప్పుల మ్యూజిక్‌తో, స్లో మోషన్‌లో. చిన్నపిల్ల, నాలుగు రోజుల్లో మర్చిపోతుందిలే అని ఊరుకోవచ్చు. అప్పుడు మిగతా కథ వ్యాన్‌లో పిల్లల దగ్గర, ఆ వీడియో కింది కామెంట్లలో తెలుసుకుంటుంది. ఆ కామెంట్లలో మీ అమ్మను తిట్టినవాళ్లు తప్పకుండా ఉంటారు. మీరూ అలాగే కదా తెలుసుకున్నది? మధ్యాహ్నం భోజనాల బెల్లు కొట్టాక చేతులు కడుక్కునే కుళాయి దగ్గర పక్క క్లాసు పిల్ల చెప్పిందని రాశారు. ఇరవై రెండేళ్లయినా ఆ కుళాయి మీకు గుర్తుంది.

చెప్పాలనుకుంటే ఎన్ని దెబ్బలు, ఎక్కడ తగిలాయి అన్నవేవీ పాపకు అక్కర్లేదు. జరిగింది నిజమేనని చెప్పాలి. తాత చేసింది తప్పు, కోర్టు శిక్ష వేసింది, అనుభవించి వచ్చాడు అని చెప్పాలి. చచ్చిపోయాడని మీరు అబద్ధం చెప్పారని, ఎందుకు చెప్పారో కూడా ఒప్పుకోవాలి. ఇంకొకటి తను నోరు తెరిచి అడగకపోవచ్చు గానీ లోపల ఉంటుంది. ఇది రక్తంలో వస్తుందా, నాకూ వస్తుందా అని. రాదని మీరే ముందుగా అనెయ్యండి. పాపకు మీ మీద కోపం వస్తుంది, హత్య గురించి కాదు, అబద్ధం గురించి. రానివ్వండి. వ్యాన్‌లో ఎవరైనా అడిగితే అనడానికి ఒక వాక్యం కూడా ఇచ్చి పంపండి. "అవును, మా తాతే. నేను పుట్టకముందు సంగతి. దాని గురించి మాట్లాడను." ఇంట్లో రెండు మూడుసార్లు మీతో అనిపించండి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, నోటికొచ్చిన వాక్యం ఉంటే పిల్ల బిక్కమొహం వెయ్యదు.

ఇంకో రెండు మూడు వారాలకీ నిద్ర సర్దుకోకపోయినా, తిండి మానేసినా, బడికి పోనని మొండికేసినా ఆగకండి. మీ తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లు అన్నిటికీ వేలూరు సీఎంసీకే పోతారు కదా, అక్కడ ఈ వైద్యం బాగాయంలో వేరే ప్రాంగణంలో ఉంటుంది. ఎక్కడికీ పోకుండా 14416కు ఫోన్ చేసినా సరే. టెలీ మానస్ అంటారు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రయినా ఎత్తుతారు.

వీడియో విషయం క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో మీకు పెద్ద ఆశ పెట్టలేను. మద్రాసులో వరస హత్యలు చేసిన ఆటో శంకర్ పేరు మన వైపు పెద్దవాళ్లందరికీ గుర్తే. అతని ఆత్మకథ అచ్చు గురించి నడిచిన కేసులో సుప్రీంకోర్టు 1994లో తేల్చింది, కోర్టు రికార్డుల్లోకి ఎక్కిన సంగతులను ఎవరైనా రాసుకోవచ్చని. 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అని అదే కోర్టు చెప్పాక, పాత కేసుల్ని ఇంటర్నెట్‌లోంచి తీసెయ్యమని అడిగేవాళ్లు పెరిగారు. కానీ ఒక్కో హైకోర్టు ఒక్కోలా చెప్పింది. కాబట్టి మొత్తం వీడియో పోవడం కష్టం. మీ ఫొటో మాత్రం వేరే సంగతి. మీరు అప్పుడు పన్నెండేళ్ల పిల్ల, నేరంతో ఏ సంబంధమూ లేని పిల్ల. యూట్యూబ్‌లో గోప్యతకు భంగం కింద ఫిర్యాదు చెయ్యండి, మీ ముఖం ఏ నిమిషంలో, ఏ సెకనులో కనిపిస్తుందో రాయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఇలాంటి సంస్థలకు ఒక ఫిర్యాదుల అధికారి ఉండాలి. 24 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, 7 రోజుల్లో తేల్చాలి (2026 ఫిబ్రవరి సవరణకు ముందు ఈ గడువు 15 రోజులు). ముఖం మసకపరిచినా సగం గెలిచినట్టే.

అయితే ఆ ఛానెల్ వాళ్లకు మీరే ఫోన్ చెయ్యకండి. ‘మండీ కేసు కూతురు ఏమందంటే’ అని మరుసటి రోజే ఇంకో వీడియో వస్తుంది. లాయరు నోటీసు ఇవ్వాలంటే డబ్బు గురించి బెంగ పడొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కోర్టు ఆవరణలో న్యాయసేవల కమిటీ ఆఫీసు ఎక్కడని అడగండి చాలు.

ఇప్పుడు మీ అమ్మ.

ఆమె గురించి మీరు ఊరికే, మాటల సందర్భంలో రాసిన సంగతులు కొన్ని ఏరుకున్నాను. చిత్తూరు మేయర్ కఠారి అనురాధను, ఆమె భర్త మోహన్‌ను 2015 నవంబరు 17న నగరపాలక కార్యాలయంలో దాడి చేసి చంపిన కేసులో 2025 అక్టోబరులో తీర్పు వచ్చింది. పదేళ్ల తర్వాత ఐదుగురికి ఉరిశిక్ష. అందులో ముఖ్యుడు మోహన్ మేనల్లుడే. ఆ రోజు టీవీ నిండా ‘మేనమామ’, ‘మేనల్లుడు’ అన్న మాటలే. మీ అమ్మ లేచి టీవీ ఆపి, చింతపండు నానబెట్టడానికి వంటింట్లోకి పోయిందని రాశారు. ఆ పూట చారు కూడా చేయలేదట, చింతపండు అలాగే గిన్నెలో ఉండిపోయిందట. ఊరు ఒక హత్యను తలుచుకున్నప్పుడల్లా మీ ఇంట్లో ఒక గిన్నె అలా ఉండిపోతుంది. వార్త చదివేవాళ్లకు అది తెలియదు.

రెండోది, కాణిపాకం. సాక్ష్యం అబద్ధమని మీ మేనత్తలు పట్టుబడితే ఆమె వరసిద్ధి వినాయకుడి ముందు తడిబట్టలతో ప్రమాణం చేసింది. అంటే చిత్తూరు కోర్టులో ఒకసారి, కాణిపాకంలో ఒకసారి, రెండుసార్లు నిజం చెప్పింది. నేను చూడలేదు అనుంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఇలాంటి కేసుల్లో సాక్షులు అడ్డం తిరగడం కొత్తా? దేశంలో సాక్షుల రక్షణకు ఒక పథకమంటూ వచ్చింది 2018లో. మీ అమ్మ బోనెక్కిన రోజుల్లో ఆమెకున్న రక్షణ పన్నెండేళ్ల కూతురు, ఏడేళ్ల కొడుకు. నిజం చెప్పినందుకు రెండు ఇళ్లూ వెలేస్తే ఇక ఆమె నోరు తెరవడం ఎందుకనుకుంది కాబోలు.

మూడోది. ఏడాదికోసారి ఉగాది ముందు అమ్మ ఒక్కతే దేవుని కడప పోయొచ్చేదని, కరోనా తర్వాత మానేసిందని రాశారు. ఇది చదివి నేను ఆగిపోయాను. దేవుని కడపను తిరుమలకు తొలి గడప అంటారు. అక్కడ మొక్కి కొండకు రావడం ఆనవాయితీ. కొండ కిందే కాపురముండే మనిషి పనిగట్టుకొని గడప దాకా వెనక్కెందుకు పోతుంది? ఆ ఊళ్లో గుడి ఒక్కటే లేదు, సెంట్రల్ జైలూ ఉంది. మీ నాన్న విడుదలైన ఏడాది మీరు రాసిందే, 2021. నా ఊహ తప్పు కావచ్చు. వెంకన్న మీద భక్తితోనే పోయుండొచ్చు. అడిగి నిలదీసే విషయమూ కాదు. కానీ మీ అమ్మానాన్నల మధ్య ఏముందో మీ అక్కాతమ్ముళ్లకు పూర్తిగా తెలుసనుకోకండి, అంతవరకే చెప్తున్నాను.

ఇక మీ నాన్న. చట్టం దృష్టిలో ఆయన శిక్ష తగ్గించి వదిలిన మనిషి. నిర్దోషి అని కాదు. జీవితఖైదు అంటే జీవితాంతమే. ప్రభుత్వం తగ్గించొచ్చు గానీ హత్య కేసుల్లో పద్నాలుగేళ్లు జైల్లో గడవకుండా వదలకూడదని చట్టంలో ఉంది. విడుదల కాగితంలో షరతులేమైనా ఉంటే అవి కూడా ఆయన పాటించాలి. ఎక్కడికైనా రమ్మనే ముందు ఆ కాగితం చూడమనండి.

ఫంక్షన్‌కు పిలిచారనుకోండి. ఆయన మూల కూర్చున్నా హాలంతా ఆ మూలకే తిరుగుతుంది. ఫోన్లు లేస్తాయి. పాప ఓణీ వేసుకొని పీట మీద కూర్చున్న రోజు ‘మండీ కేసు’ రోజవుతుంది. తమ్ముడు రాడు, మేనమామ చీర లేకుండా ఫంక్షన్ నడుస్తుంది, అది పాపకు జీవితాంతం గుర్తుంటుంది. పిలవకుండా పూర్తిగా దూరం పెడితే ఈ గోల ఉండదు. కానీ ఆయనకు 68 ఏళ్లు. రేపు ఏదైనా అయితే ఊరివాళ్లు ఫోన్ చేసేది మీకే, అప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం ఇంతకంటే బరువుగా ఉంటుంది. మధ్యలో ఇంకో దారి ఉంది. ఫంక్షన్ వేరు, చూడటం వేరు అని విడగొట్టడం. ముందు మీరొక్కరే పోయి ఆయన్ను చూడండి. పాపను తీసుకుపోవడం ఆ తర్వాత మాట, అదీ పాప అడిగితేనే. ఇందులో చిక్కేమిటంటే, ఆయన ఒకసారి చూశాక మళ్లీ మళ్లీ అడుగుతాడు, హద్దు మీరే గీయాలి. నన్నడిగితే ఇరవై రెండేళ్ల తర్వాత మొదటిసారి ఎదురుపడటానికి ఫంక్షన్ హాలు సరైన చోటు కాదు.

పోయినప్పుడు ఒక సంగతి గమనించండి. చుట్టం తెచ్చిన కబురులో మనవరాలిని చూడాలన్న మాట ఉంది, బువ్వ ఉంది. చచ్చిపోయిన మనిషి ఊసు లేదు. కబురు మోసినవాళ్లు మింగేశారో, ఆయన అననే లేదో. మీ మేనమామ పేరు ఆయన నోట వస్తుందా, వస్తే ఎలా వస్తుంది అన్నది విని, తర్వాత ఎంత దగ్గరకు రానివ్వాలో మీరే తేల్చుకోవచ్చు.

తమ్ముణ్ని ‘ఎంతైనా కన్నతండ్రి కదరా’ అని ఒప్పించబోకండి. అప్పుడు వాడికి ఏడేళ్లు. మీకైనా తండ్రి భుజం మీద ఎక్కి గంగజాతర చూసిన జ్ఞాపకం ఉంది. వాడికి తండ్రి అంటే ఆ వీడియోనే. పైగా మూడు సంబంధాలు ‘మీ నాయన ఏం చేస్తాడు’ అన్న ప్రశ్న దగ్గరే చెడిపోయాయని రాశారు. చంపింది ఒకరైతే ఆ కొడవలి వాడి పెళ్లిచూపుల్లో ఇప్పటికీ కనిపిస్తోంది. పిల్లనిచ్చేవాళ్లు జాగ్రత్త పడటం తప్పని నేననను. కానీ బ్యాంకు అప్పు ఎగ్గొట్టినవాడి కొడుక్కి లేని అడ్డం వీడికెందుకో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

మీరు మూడు లైన్లతో సరిపెట్టిన మనిషి ఇంకొకరున్నారు, మీ అత్త. మేనమామ భార్య. మిమ్మల్ని తన కొడుక్కే చేసుకోవాలనుకున్న మనిషి. హతుల కుటుంబానికి ప్రభుత్వ పరిహారం, నిందితుణ్ని వదిలేస్తే అప్పీలుకు పోయే హక్కు చట్టంలోకి వచ్చింది 2009 చివర్లో. ఆమె కాలంలో అవి లేవు. పుస్తెలు తీసి పంచాయతీ బోరు కింద రెండు మడులు చేసుకొని బతికింది. మీరు మీ నాన్నను చూసివచ్చిన వార్త ఆమెకు ఊరి నోట తెలిస్తే ఇంకోసారి నరికినట్టే ఉంటుంది. మీరే ముందుగా ఫోన్ చెయ్యొచ్చు. ఆమె ఫోన్ పెట్టెయ్యొచ్చు, తిట్టొచ్చు, ఏడవొచ్చు. క్షమించమని అడగొద్దు, తప్పు చేసింది మీరు కాదు. ‘ఇలా అనుకుంటున్నాం, నీకు ముందు చెప్పాలనిపించింది అత్తా’ అంటే సరిపోతుంది. ఆ ధైర్యం ఇప్పుడు లేకపోతే, కనీసం నాన్న విషయం ఫంక్షన్ అయ్యేదాకా వాయిదా వెయ్యండి.

చివరికి పత్రిక. మీ అమ్మ మెడలో తాళి ఇంకా ఉందని ఉత్తరంలో ఒకచోట ఉంది. పాప తాత పేరు ముందు ‘కీ.శే.’ అని వేసి ఆ పత్రిక రెండు వందల ఇళ్లకు పంచితే, అది చదివి వచ్చిన ముత్తయిదువలు హారతి పళ్లెం పట్టుకొని మీ అమ్మ మెడ వైపు చూస్తారు. బొట్టు పెట్టాలా మానాలా అని ఒక్క క్షణం ఆగుతారు. ఆ రెండక్షరాలు మీ నాన్నను చంపడంతో ఆగలేదు, ఆమెను అడక్కుండా ఆమెను విధవను చేస్తున్నాయి. పైగా తాత బతికే ఉన్నాడని తెలిసిన పాప చేతికి అదే పత్రిక ఇచ్చి స్నేహితులకు పంచమంటారా?

‘కీ.శే.’ తీసేసి పేరు ఉంచొచ్చు, తమ్ముడితో పేచీ వస్తుంది. పేరే లేకుండా మీ అమ్మ పేరు ఒక్కటే వెయ్యొచ్చు, చుట్టాలు అడుగుతారు, అడగనివ్వండి. తాతల పేర్లేవీ లేకుండా మీ దంపతుల పేర్లతోనే ముగించొచ్చు. అప్పుడు మీ మామగారి పేరు పోయిందని మీ ఆయన ‘నీ ఇష్టం’ అనడు, చూస్తుండండి.

ప్రెస్సువాళ్లను రెండు రోజులు ఆగమనండి. తమ్ముణ్ని ఇంటికి రమ్మని, వాడి ఎదురుగానే ఆ ప్రూఫ్ కాగితం, ఒక పెన్ను, కళ్లజోడు మీ అమ్మ చేతికిచ్చి "ఎట్లా వెయ్యమంటావమ్మా?" అని అడగండి. కొట్టేస్తే కొట్టెయ్యనీండి, ఉంచితే ఉంచనీండి. ఏమీ అనకుండా కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంటే మరుసటి రోజు పొద్దున కాఫీ ఇచ్చి మళ్లీ అడగండి.